మా అక్కా, నేనూ, ఎముకల పరీక్షా

పుంగనూరులో ఆడపిల్లల హైస్కూల్లో నేను పీఈటీ టీచర్ని. ఇరవై నాలుగేళ్లుగా పిల్లలకి లాంగ్ జంప్, ఖోఖో, వాలీబాల్ నేర్పిస్తున్నాను. నలభై తొమ్మిదేళ్లు వచ్చినా పొద్దున్నే పిల్లలతో పాటు గ్రౌండు చుట్టూ మూడు రౌండ్లు పరిగెత్తేదాన్ని. స్టాఫ్ రూములో ఎవరైనా నడుం నొప్పనో మోకాళ్ల నొప్పనో అంటే, "మీరంతా కుర్చీలకి అతుక్కుపోయినారు, నొప్పులు రాక ఏమొస్తాయి?" అని ఎత్తిపొడిచేదాన్ని. నా ఒళ్లంటే నాకు అంత గర్వం.

ఒక రెండో శనివారం నాడు మా స్కూల్లో ఆడవాళ్లకి ఉచితంగా ఎముకల పరీక్ష క్యాంపు పెట్టారు. మదనపల్లె నుంచి ఒక లేడీ డాక్టరు, మిషను నడిపే ఒక అమ్మాయి వచ్చారు. పెద్దపంజాణి నుంచీ గంగవరం నుంచీ కూడా ఆటోల్లో దిగారు ఆడవాళ్లు. వరుస నిలబెట్టే పని హెడ్మిస్ట్రెస్ నాకు అప్పగించింది. విజిల్ మెళ్లో వేసుకుని పొద్దున తొమ్మిది నుంచి అదే పని. మిషను అంటే పెద్దదేమీ కాదు, కూరగాయలు తూచే కాటా అంత ఉంటుంది. చెప్పు విప్పి, మడమకి చల్లటి జెల్ రాసి, అందులో కాలు పెడితే నిమిషంలో చీటీ వచ్చేస్తుంది. ఆ చీటీ మీద ఆ అమ్మాయి స్కెచ్ పెన్నుతో ఒక చుక్క పెడుతుంది. పచ్చ చుక్క అయితే బాగున్నట్టు, పసుపు అయితే జాగ్రత్త, ఎరుపు అయితే డాక్టర్ని కలవాలి.

మధ్యాహ్నానికి జనం పలచబడ్డారు. "మేడం, మీరూ పెట్టండి కాలు" అంది ఆ అమ్మాయి. పక్కన మధ్యాహ్న భోజనం వండే ఆమె కూడా ఉంది. అరవై దాటిన మనిషి. ఆమెకి అప్పుడే పచ్చ చుక్క పడింది. నేను నవ్వుతూ కాలు పెట్టాను.

నాకు ఎరుపు చుక్క పడింది.

"మిషను సరిగ్గా లేదేమో, ఇంకోసారి పెట్టు" అన్నాను. పెట్టింది. మళ్లీ ఎరుపే. రెండో కాలు పెట్టమన్నాను. అదీ అంతే. వంటామె నా మొహం చూసి, "మేడం, పొద్దున్నుంచి నిలబడే ఉండారు గదా, అందుకనే ఉంటుంది" అని ఓదార్చింది. ఆమె మాటకి నవ్వు రాలేదు, సిగ్గేసింది. ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకున్నాను, ఎవరూ చూడకూడదని.

మా కాపురం మదనపల్లెలో. మా ఆయన ఆర్టీసీ డ్రైవరు. ఆ సాయంత్రం చీటీ ఆయన ముందు పెడితే తిప్పి తిప్పి చూశాడు. "మిషను తప్పో నువ్వు తప్పో, పెద్ద మిషను దగ్గరికి పోతే తేలిపోతుంది. సోమవారం లీవు పెట్టు" అన్నాడు. నేను పెట్టనన్నాను. ఆయన తన లీవు లెటరు రాసుకున్నాడు. దాంతో నేనూ రాయక తప్పలేదు.

పెద్ద మిషను అంటే ఒక బల్ల. దాని మీద పడుకుంటే పైన ఒక చెయ్యి లాంటిది మెల్లగా నడుం మీదుగా, తుంటి మీదుగా జరుగుతుంది. సూది లేదు, నొప్పి లేదు. పది నిమిషాల్లో అయిపోయింది. క్యాంపుకి వచ్చిన డాక్టరమ్మే రిపోర్టు చదివింది. "వెన్నెముక టీ స్కోరు మైనస్ రెండు పాయింట్ తొమ్మిది. మైనస్ రెండున్నర దాటితే ఎముకలు గుల్లబారినట్టే లెక్క. మీ వయసుకి, మీ వృత్తికి ఇంత ఉండకూడదు. నెలసరి ఎప్పుడు ఆగింది?"

"ముప్పై ఆరేళ్లప్పుడు గర్భసంచి తీసేశారండీ."

"అండాశయాలు కూడా తీశారా?"

నాకు తెలియదు. పదమూడేళ్లుగా నా కడుపులో ఏముందో ఏం లేదో నాకే తెలియదని ఆ కుర్చీలో కూర్చున్నప్పుడే తెలిసింది.

ఇంటికొచ్చి బీరువా అంతా వెతికితే పిల్లల మార్కు షీట్ల కింద దొరికింది, ఆనాటి డిశ్చార్జి కాగితం. ఇంగ్లీషులో స్పష్టంగా రాసి ఉంది. గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారు. నేను డిగ్రీ చదివిన మనిషిని, ఆ కాగితం ఒక్కసారి కూడా పూర్తిగా చదవలేదు. ఆపరేషనైన ఏడాదే ఒళ్లంతా సెగలు పుట్టేవి, మధ్యాహ్నం ఎండలో గ్రౌండు మీద ఉంటాను కదా, అందుకని అనుకున్నాను. డాక్టరమ్మకి కాగితం చూపిస్తే తల ఊపింది. "అండాశయాలు పోతే ఎముకని కాపాడే హార్మోను ఒక్కసారిగా ఆగిపోతుంది. మీరు ఇన్నేళ్లు పరిగెత్తారు కాబట్టి ఇంతమాత్రం మిగిలింది. లేకపోతే ఈపాటికి విరిగేవి" అంది.

నేను అప్పుడే అక్క గురించి ఆలోచించాను.

అక్క నాకంటే మూడేళ్లు పెద్ద. కుప్పం దగ్గర, గుడుపల్లె దాటినాక ఒక పల్లెలో ఉంటుంది. బావ పోయి ఆరేళ్లైంది. రెండెకరాల మల్బరీ తోట, ఒక పట్టుపురుగుల షెడ్డు, అన్నీ ఒక్కతే చూసుకుంటుంది. నాకు బ్లీడింగు ఎక్కువైన ఏడాదే అక్కకీ అదే ఇబ్బంది. పిల్లలు పుట్టేశారు కదా, ఇంకా గర్భసంచితో పనేముంది, పెట్టుకుంటే క్యాన్సరు వస్తుందని నర్సింగ్‌హోంలో భయపెట్టారు. వేసవి సెలవుల్లో ఇద్దరికీ ఒకేసారి చేయిస్తే చూసుకోడానికి తనకి సులువని మా అమ్మ అంది. పక్కపక్క మంచాల మీద పడుకుని, కుట్లు నొప్పెడతాయని కడుపు పట్టుకుని నవ్వుకున్నాం ఆ వారమంతా.

రెండేళ్ల కిందట అక్క తోట గట్టు మీద జారి చెయ్యి ఆనించింది. అంతే, మణికట్టు విరిగింది. మా వైపు అందరూ చేసినట్టే పుత్తూరుకి పోయి కట్టు కట్టించుకుంది. ఎముక చక్కగా అతుక్కుంది. కానీ అంత చిన్న దెబ్బకి అంత ఎముక ఎందుకు విరిగిందని మాలో ఎవరికీ అనుమానం రాలేదు.

ఆదివారం పొద్దున్నే పలమనేరు మీదుగా కుప్పం బస్సెక్కాను. నేను పోయేసరికి అక్క షెడ్డులో పురుగులకి ఆకు వేస్తోంది. తట్టలన్నీ నేల మీద పరిచి ఉన్నాయి. నడుం రెండుగా వంచి ఒక్కో తట్ట మీదా ఆకు చల్లుతోంది.

"ఏందిమే, సెప్పకుండా వచ్చినావు? ఇంట్లో అందురూ బాగుండారా?"

"బాగుండారక్కా. నిన్ను మదనపల్లెకి పిల్చుకుని పోదామని వచ్చినా. ఎముకల పరీక్ష సేయించాల."

"ఎముకలకా? యాల? రాగిసంగటి తిని పెరిగిన ఒళ్లుమే ఇది."

"నేనూ అదే తిని పెరిగినా గదా. నాకు ఎముకలు గుల్లబారినాయంట."

అక్క చేతిలో ఆకు అట్లానే ఆగిపోయింది. "నీకా? దూకేదానివి, ఎగిరేదానివి, నీకా?" అంది. తన గురించి కాదు, నా గురించి కంగారు పడింది ముందు. నన్ను గోడకి ఆనించి కూర్చోబెట్టి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. విషయమంతా చెప్పి, తన ఆపరేషను కాగితం అడిగాను. ట్రంకు పెట్టె అడుగున పట్టాదారు పాసుపుస్తకంతో పాటు భద్రంగా ఉంది. నా కాగితంలో ఉన్న మాటే అందులోనూ ఉంది. చదివి చెప్పాను.

అక్క ఆ కాగితాన్ని నా చేతిలోంచి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత, "గర్భసంచి తీస్తామనే సెప్పిరి గదా. ఇంగోటి గూడా తీస్తామని యాల సెప్పలేదు?" అంది.

"మనం అడగలేదక్కా."

"అడగాలని తెలిస్తే గదమ్మా అడిగేది."

మరుసటి వారం వచ్చింది. పరీక్ష గదిలో ఒంటి మీద లోహపు వస్తువులు ఏవీ ఉండకూడదన్నారు. అక్క తాళిబొట్టు తీసేసిన మనిషే కానీ, గాజులకి నాలుగు, జాకెట్టుకి రెండు, కొంగు మడతలో ఒకటి, మొత్తం ఏడు పిన్నీసులు బయటపడ్డాయి. మిషను అమ్మాయి నవ్వాపుకోలేకపోయింది. "నవ్వు నవ్వు. తోటలో ముల్లు గుచ్చుకుంటే నీ మిషను వచ్చి తీస్తాదా?" అని అక్క కూడా నవ్వుతూ బల్లెక్కింది.

అక్క స్కోరు మైనస్ మూడు పాయింట్ ఆరు. అనుమానమొచ్చి ఎక్స్‌రే కూడా తీయించారు. నడుం పైభాగాన ఒక వెన్నుపూస నలిగిపోయి ఉంది.

"ఇది ఎప్పుడో విరిగిందమ్మా. నొప్పి రాలేదా?" అని అడిగింది డాక్టరమ్మ.

"నొప్పి లేని దినముంటే గదమ్మా, యా దినం విరిగిందో సెప్పేదానికి" అంది అక్క.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టేసింది. నేను కిటికీ వైపు తిరిగాను. ఏడ్చింది నేనే, అక్క కాదు. అక్క కుర్చీ ముందుకి జరుపుకుని, "అయ్యిందేదో అయ్యింది. ఇప్పుడు నేనేం సెయ్యాల్నో ఒకటొకటిగా సెప్పండి. పని మాత్రం మానుకోమనొద్దు" అంది.

"పని మానొద్దు. నడుం వంచి బరువెత్తడం మానండి. ఏదెత్తాలన్నా మోకాళ్లు వంచి కూర్చుని ఎత్తండి."

అక్కకి ఏడాదికొక ఇంజెక్షను రాశారు. నాకు వారానికొక మాత్ర. పరగడుపున నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని, అరగంట పడుకోకుండా, ఏమీ తినకుండా ఉండాలి. ఇద్దరికీ కాల్షియం, విటమిన్ డి. నన్ను పరిగెత్తడం తగ్గించి వేగంగా నడవమన్నారు, పిల్లలకి దూకి చూపించొద్దన్నారు. ఆ చివరి మాట మింగుడు పడడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఇప్పుడు ఇసుక గుంట పక్కన నిలబడి నోటితో చెప్తాను, పదో తరగతి పిల్ల ఒకతి దూకి చూపిస్తుంది.

అక్క ఊరికి పోయి నెల తిరక్కుండా షెడ్డు రూపే మార్చేసింది. తట్టలన్నీ నడుం ఎత్తుకి వచ్చేలా వెదురు స్టాండ్లు కట్టించింది. ఒక్క మోపు ఆకు రెండు మోపులుగా చేసి రెండుసార్లు నడిచింది. అంతవరకు నేను ఊహించిందే. రెండు నెలలయ్యాక వచ్చిన ఫోను మాత్రం ఊహించలేదు.

"మే, మా ఊర్లో నాతో కలిపి పదమూడు మంది ఆపరేషన్ సేయించుకున్నోళ్లు ఉండారు. అందురి కాగితాలూ తీపిచ్చినా. ఇంగ్లీసులో ఉండాయి. నువ్వొచ్చి సదువు."

పోయాను. అక్క ఇంటి వసారాలో ఆడవాళ్లంతా కూర్చుని ఉన్నారు, ఒక్కొక్కరి చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మాసిపోయిన కాగితం. ఒకరి తర్వాత ఒకరిది చదివి తెలుగులో చెప్పాను. కొందరికి గర్భసంచి మాత్రమే తీశారు, కొందరికి మాలాగే అన్నీ. ఇద్దరి కాగితాలు ఎలకలు కొట్టేశాయి. ముప్పై ఒక్కేళ్లకే ఆపరేషనైన ఒకామె, "అయితే నా నడుం నొప్పి సోమరితనం కాదా మేడం? మా ఇంట్లో అంతా అదే అంటారు" అని అడిగింది. ఆ మాట అడిగినప్పుడు ఆమె కళ్లలో భయం లేదు, హమ్మయ్య అన్న తేలిక ఉంది.

అక్క అక్కడితో ఆగలేదు. కుప్పంలో క్యాంపు పెట్టమని డాక్టరమ్మకి తనే ఫోన్ చేసింది. అంత దూరం మిషను తేవాలంటే కనీసం నలభై మంది ఉండాలని ఆమె అంది. అక్క పొద్దున ఆకు వేసి, మధ్యాహ్నం పల్లెలు తిరిగి, సాయంత్రం మళ్లీ ఆకుకి ఇల్లు చేరేది. పాల కేంద్రం దగ్గర, రేషన్ షాపు దగ్గర, పట్టుగూళ్ల మార్కెట్టులో, ఎక్కడ ఆడవాళ్లు కనిపిస్తే అక్కడ నిలబడి అడిగేది. కొందరు కసిరారట. "నా కడుపులో సంగతి నీకెందుకు?" అని ఒకామె మొహం మీదే అంది. "నా కడుపులోది నాకే తెలీకపాయె, అందుకే అడగతాండానమ్మా" అని అక్క జవాబు. ఆమె కూడా క్యాంపుకి వచ్చింది.

ఆ రోజు కుప్పం కల్యాణమండపంలో నలభై కాదు, నూరు దాటారు. వరుస నిలబెట్టడానికి నేను విజిల్ తీసుకుపోయాను, దాని అవసరమే పడలేదు. అక్క చేత్తో సైగ చేస్తే చాలు, జనం సర్దుకున్నారు. తమిళం మాట్లాడే వాళ్లతో తమిళంలో, కన్నడం వాళ్లతో కన్నడంలో, కుప్పం టౌను నుంచి వచ్చిన ముస్లిం ఆడవాళ్లతో వచ్చీరాని ఉర్దూలో చెప్తోంది. ఐదో తరగతితో బడి మానేసిన మనిషి. పెళ్లిళ్లలో కూడా వెనక వరుసలో కూర్చునే మనిషి. ఆమె గొంతు అంత గట్టిదని నాకు అంతవరకూ తెలియదు.

మధ్యాహ్నం డాక్టరమ్మ మైకు తెచ్చి అక్క చేతికిచ్చింది. అక్క మైకుని కాసేపు పరాయిదాన్ని చూసినట్టు చూసి, తర్వాత మాట్లాడింది.

"నేను సదువుకున్నదాన్ని గాదు. నాకు ఒక పూస విరిగి ఉండాది. అది విరిగినట్టు గూడా నాకు తెలీదు. పనిలో నొప్పి ఉంటాది అనుకున్నా. మీరు గూడా అట్లనే అనుకోబాకండి. ఎర్ర సుక్క పడితే ఏడవబాకండి. మందుండాది. మీ బిడ్డలకి ఎవురైనా గర్భసంచి తీయాలంటే, ఏమేం తీస్తారు, యాల తీస్తారు అని నోరు తెరిచి అడగండి. ఇంగో డాక్టర్ని గూడా అడగండి. అంతే."

మైకు తిరిగిచ్చేసి, తాగడానికి నీళ్లెక్కడున్నాయని నన్ను అడిగింది. నేను జిల్లా స్థాయిలో మెడల్ తెచ్చుకున్న మనిషిని, మా స్కూలు పిల్లలు రాష్ట్ర స్థాయికి పోయినప్పుడు స్టేజీ ఎక్కిన మనిషిని. అప్పుడెప్పుడూ లేనంత పొంగిపోయాను ఆ రోజు. పక్కనున్న కొత్తామెని పట్టుకుని, "ఆమె మా అక్క" అని చెప్పాను. అడక్కుండానే చెప్పాను.

తర్వాత నెలకి రెండు ఆదివారాలు అక్కవాళ్ల ఊరికి పోయి కసరత్తులు నేర్పించాను. చేతులు పట్టుకోకుండా కుర్చీలోంచి లేవడం, గోడ పట్టుకుని మడమలు ఎత్తి దించడం, ఒంటి కాలి మీద పది అంకెలు లెక్కపెట్టేదాకా నిలబడడం. మొదటి రోజు నవ్వులే నవ్వులు. "సంగటి కెలికేది సాలదా మేడం, ఇది గూడానా?" అని ఒకామె అడిగింది. అక్క చీర కుచ్చిళ్లు దోపుకుని, ఒంటి కాలి మీద నిలబడి, పదికి బదులు ఇరవై లెక్కపెట్టింది. ఆ తర్వాత ఎవరూ సాకులు చెప్పలేదు. ఇప్పుడు నేను పోకపోయినా వాళ్లే చేసుకుంటారు.

మా స్టాఫ్ రూములో ఎత్తిపొడవడం మానేశాను. మడతపెట్టి దాచుకున్న ఆ చీటీని ఒకరోజు టీచర్లందరికీ చూపించాను. ఎముక గట్టిపడే వయసు ఇదేనని, తిండి మానొద్దని, ఎండలో ఆడమని ఆడపిల్లలకి ప్రతి ఏడూ ఒక పీరియడంతా చెప్తాను. నా సంగతే ఉదాహరణగా చెప్తాను. మొదట్లో బోర్డు వైపు తిరిగి చెప్పేదాన్ని, ఇప్పుడు పిల్లల మొహాలు చూసే చెప్తాను.

పోయిన వర్షాకాలం అక్క ఫోన్ చేసింది. "మే, షెడ్డులో నీళ్ల మీద జారి పడినా. ఏమీ విరగల్యా. మోచెయ్యి కొంచెం దోక్కుపోయింది, అంతే. నువ్వు కంగారు పడతావని నేనే సెప్తాండా." ఫోను పెట్టేసి, గ్రౌండు మధ్యలో పిల్లల ముందే కళ్లు తుడుచుకున్నాను.

రెండేళ్లు నిండాక ఇద్దరం కలిసి మళ్లీ పరీక్ష చేయించుకున్నాం. నాది మైనస్ రెండు పాయింట్ నాలుగు. అక్కది మైనస్ మూడు పాయింట్ ఒకటి. ఇంకా మందులు వాడాలని, జాగ్రత్త తప్పొద్దని డాక్టరమ్మ చెప్పింది. నాకు కొంచెం నిరాశ అనిపించింది. అన్నీ చేశాం కదా, పూర్తిగా బాగైపోవాలని ఆశ.

"ముందుకంటే తగ్గిందా, పెరిగిందా?" అని అడిగింది అక్క.

"పెరిగిందమ్మా. ఎముక బలం పుంజుకుంటోంది" అంది డాక్టరమ్మ.

"యాభై నాలుగేళ్లకి పెరిగిందంటే ఇంగేం కావాల?" అని అక్క రిపోర్టు అందుకుని సంచిలో పెట్టుకుంది.

అక్కని బస్సెక్కించడానికి మదనపల్లె బస్టాండుకి పోయాం. బెంచీ మీద మా పక్కనే ఒకామె కూర్చుని ఉంది. మా కంటే చిన్నదే, నలభై ఐదు ఉంటాయేమో. రెండు చేతులూ నడుం వెనక పెట్టుకుని అటూ ఇటూ ఒత్తుకుంటోంది. అక్క ఆమె వైపు జరిగింది.

"ఏమ్మా, నడుం నొప్పా? నీకు గర్భసంచి ఆపరేషనేమన్నా అయ్యిందా?"

ఆమె బిత్తరపోయి చూసింది. ఇంతకు ముందు ఇలాంటప్పుడు సిగ్గుతో అక్క కొంగు లాగేదాన్ని. ఆ రోజు లాగలేదు. పర్సులోంచి పెన్నూ కాగితమూ తీసి, డాక్టరమ్మ కూర్చునే రోజులు రాయడం మొదలుపెట్టాను. కుప్పం బస్సు వచ్చినా అక్క లేవలేదు. "ఇంగో గంటకి ఇంగోటి ఉంటాది లేమ్మా, నువ్వు సెప్పు" అంటోంది ఆమెతో.